మొదటి తూటాకు ప్రమాణం ఏది?

ఇత్తడి తొడుగు, నిప్పు పుట్టించే ప్రైమర్, పౌడర్, బుల్లెట్. పిస్టల్ తూటాలో ఉండేవి ఈ నాలుగే. అమెరికాలో షూటింగ్ అలవాటున్నవాళ్లు చాలామంది కాల్చేసిన తొడుగులను ఏరి తెచ్చుకుని, గరాజ్‌లో బల్లకు బిగించిన ప్రెస్ మీద వాటిని మళ్లీ తూటాలుగా తయారు చేసుకుంటారు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు, రీలోడింగ్ అని కూడా అంటారు. డబ్బు ఆదా అవుతుందని కొందరు, తమ పిస్టల్‌కు నప్పే తూటా తామే చేసుకోవాలని కొందరు, చేతిపని మీద మక్కువతో ఇంకొందరు ఇందులోకి వస్తారు. సాగిన తొడుగును పాత కొలతకు నొక్కడం, ప్రైమర్ అమర్చడం, బుల్లెట్‌ను కూర్చోబెట్టడం చేస్తూ చూస్తూ నేర్చుకోగలిగిన పనులు. ఒక్క ప్రశ్నకు మాత్రం చెయ్యీ కన్నూ జవాబు చెప్పలేవు. పౌడర్ ఎంత వేయాలి?

దీని కొలత గ్రెయిన్లలో ఉంటుంది. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మామూలు పిస్టల్ తూటాలో పడే పౌడర్ చాలాసార్లు పది గ్రెయిన్లు కూడా ఉండదు. బల్ల మీది త్రాసు గ్రెయిన్‌లో పదోవంతు వరకు, అంటే ఆరున్నర మిల్లీగ్రాముల వరకు చూపుతుంది. ఇంత కొద్ది పౌడర్ పుట్టించే ఒత్తిడి మాత్రం కొద్దిది కాదు. అమెరికాలో తుపాకులు, తూటాలు తయారుచేసే కంపెనీల ప్రమాణాల సంస్థ సామీ 9 ఎంఎం లూగర్ తూటాకు పెట్టిన పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌన్లు. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది సుమారు వెయ్యి రెట్లు. .45 ఏసీపీకి ఆ పరిమితి 21,000 పౌన్లు, .38 స్పెషల్‌కు 17,000. ఈ హద్దు బాగా దాటితే పగిలే లోహం కాల్చేవాడి చేతిలోనే ఉంటుంది, ముఖానికి మూరెడు దూరంలో.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఈ పని అక్కడిదే. దాని అడుగున ఉన్న ప్రశ్నను మాత్రం భారతీయ తర్కశాస్త్రం పదిహేను వందల ఏళ్లకు పైగా చర్చిస్తూ వచ్చింది. తాను చూడని, చూడలేని విషయంలో మనిషి ఇంకొకరి మాటను ఎంతవరకు నమ్మవచ్చు? నమ్మినవాడు పని ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

నాలుగు దారుల్లో మిగిలేది ఒకటే

సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవారి చేతికి ఈనాటికీ ముందుగా వచ్చే పుస్తకం తర్కసంగ్రహం. పదిహేడో శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడు. గౌతముడి న్యాయసూత్రాల బాటలోనే నడిచి, సరైన జ్ఞానానికి సాధనాలు, అంటే ప్రమాణాలు, నాలుగని ఆయన చెప్పాడు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. స్వయంగా చూసి తెలుసుకోవడం మొదటిది. పొగను బట్టి నిప్పు ఉందని తేల్చుకోవడం రెండోది. పోలికను బట్టి గుర్తుపట్టడం మూడోది. నమ్మదగినవాడు చెప్పగా తెలుసుకోవడం నాలుగోది. రీలోడింగ్ బల్ల ముందు కూర్చున్న మనిషి ఈ నాలుగు తలుపులూ ఒక్కొక్కటిగా తట్టి చూడవచ్చు.

ప్రత్యక్షం ఆదిలోనే చేతులెత్తేస్తుంది. తూటాలో ఒత్తిడి శిఖరానికి చేరడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. దాన్ని పట్టుకోవాలంటే ప్రత్యేకంగా చేసిన పరీక్షా బ్యారెల్, దానికి అమర్చిన సెన్సర్ కావాలి. అవి గరాజ్‌లో ఉండవు.

అనుమానం కొంత ఆశ పెడుతుంది. కాల్చిన తొడుగు అడుగున ప్రైమర్ చదునుగా నలిగిపోతే ఒత్తిడి ఎక్కువైందని పాతకాలపు షూటర్లు లెక్కకట్టేవారు. పిస్టల్ విషయంలో ఈ గుర్తు దగా చేస్తుంది. ప్రైమర్ లోహం ఒక్కో కంపెనీది ఒక్కో గట్టితనంతో ఉంటుంది. పైగా .45 ఏసీపీ లాంటి తూటాకు పరిమితే తక్కువ. ప్రైమర్ నలిగేంత ఒత్తిడి ఆ పరిమితికి చాలా ఎగువన ఉంటుంది. గుర్తు కనిపించేసరికి హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇక ఉపమానం. గవయం ఆవులా ఉంటుందని విన్నవాడు అడవిలో ఆ జంతువు ఎదురైనప్పుడు గుర్తుపడతాడు. న్యాయదర్శన పండితులైన నైయాయికులు ఇచ్చే ఉదాహరణ ఇది. పోలిక అక్కడ పేరు తెలుసుకోవడానికి సరిపోతుంది. ఫలానా పౌడర్ ఫలానా దానిలాగే మండుతుంది కనుక దాని మోతాదే దీనికీ వేయవచ్చని అనుకుంటే మాత్రం పోలికకు శక్తికి మించిన బరువు ఎత్తినట్టే. పౌడర్లను మండే వేగం వరసలో పేర్చిన పట్టికలు అచ్చులో దొరుకుతాయి. వాటిని చూసి మోతాదు నిర్ణయించవద్దని రీలోడింగ్ మోతాదుల పుస్తకాలు, అంటే మాన్యువల్స్, గట్టిగా హెచ్చరిస్తాయి. ఫ్యాక్టరీ తూటాను విప్పి అందులోని పౌడర్‌ను తూచడం కూడా ఇలాంటి పొరపాటే. ఫ్యాక్టరీలు వాడే పౌడర్ చాలాసార్లు డబ్బాల్లో అమ్మే పౌడర్ కాదు. వచ్చిన ప్రతి లాటునూ అవి ఒత్తిడి బ్యారెల్‌లో పరీక్షించుకుని మోతాదు మార్చుకుంటాయి.

మిగిలింది శబ్దం. ప్రయోగశాలలో కొలిచినవాళ్లు అచ్చు వేసిన అంకెలు, వాటి మీద నమ్మకం. మొదటి తూటా పూర్తిగా ఈ నాలుగో దారి మీదే ఆధారపడి ఉంది.

ఇతరుల మాట మీద ఇంతగా ఆధారపడడం తత్వవేత్తలందరికీ నచ్చలేదు. స్కాట్లాండ్‌కు చెందిన డేవిడ్ హ్యూమ్ 1748లో, సాక్ష్యం మీద మన నమ్మకమంతా చివరికి అనుభవంలోంచి వచ్చిందేనని వాదించాడు. మనుషులు చెప్పింది సాధారణంగా నిజమవుతుండడం చూశాం, అందుకే నమ్ముతున్నాం అన్నది ఆయన లెక్క. అదే దేశపువాడు థామస్ రీడ్ 1764లో దీన్ని ఖండించాడు. ఎదుటివాడి మాట నమ్మే స్వభావం మనిషికి పుట్టుకతోనే ఉందని, అది లేకపోతే పసిబిడ్డ మాట కూడా నేర్వలేదని అన్నాడు. న్యాయదర్శనం పట్టిన దారి ఈ రెండింటికంటే కచ్చితమైనది. మాట వినడం దానంతట అదే ఒక ప్రమాణమని ఒప్పుకుంటూనే, చెప్పేవాడి మీద షరతు పెట్టింది.

ఆప్తుడికి ఉండాల్సిన అర్హతలు

ఆ షరతును విడమర్చినవాడు న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు. ఆయన దృష్టిలో ఆప్తుడంటే విషయాన్ని నేరుగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టుగా చెప్పాలన్న కోరిక ఉన్నవాడు, అలా చెప్పగలిగినవాడు. కులంతో, పదవితో, వయసుతో దీనికి పని లేదు. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమని భాష్యకారుడు స్పష్టంగా రాశాడు. జ్ఞానం ఎవరి దగ్గరున్నా జ్ఞానమేనని అంత పాత కాలంలో అంత సూటిగా చెప్పడం మన మేధాచరిత్రలో గర్వించదగిన ఘట్టం.

ఈ గీటురాయి మీద రీలోడింగ్ లోకంలోని మాటలను గీసి చూడవచ్చు. సామీ 1926లో అమెరికా ప్రభుత్వం కోరగా ఏర్పడింది. లైమన్, స్పియర్, హార్నడీ, సియెర్రా, హాడ్జ్‌డన్ లాంటి కంపెనీలు తమ ప్రయోగశాలల్లో కాల్చి, కొలిచి, పట్టికలు వేస్తాయి. మొదట్లో రాగి స్తంభిక ఎంత నలిగిందో చూసి ఒత్తిడి లెక్కగట్టేవారు. తర్వాత పీజో ఎలక్ట్రిక్ సెన్సర్లు వచ్చాయి. ఇక్కడ చెప్పేవాడు విషయాన్ని నేరుగా ఎరిగినవాడు. ఎరిగినట్టే చెప్పకపోతే అతనికే నష్టం.

షూటింగ్ రేంజ్‌లో పక్క బల్ల దగ్గర నిలబడ్డ పెద్దమనిషి మాట వేరు. ఇరవై ఏళ్లుగా ఇదే మోతాదు కాలుస్తున్నాను, ఏమీ కాలేదు అంటాడు. ఆయన నిజాయితీని శంకించాల్సిన పని లేదు. ఆయన చూసింది తుపాకీ పగలలేదన్న సంగతి ఒక్కటే. ఒత్తిడి ఎంతో ఆయన ఏనాడూ చూడలేదు. ఆప్తుడి లక్షణాల్లో కోరిక ఉంది, చెప్పే శక్తి ఉంది, నేరుగా ఎరగడం లేదు. మూడింటిలో ఒకటి లోపిస్తే, ఎంత మంచివాడి మాటైనా ఆ విషయంలో ప్రమాణం కాదు.

కీర్తి కూడా ఈ లోటును పూడ్చదు. ఎల్మర్ కీత్ పేరు తెలియని రివాల్వర్ ప్రేమికుడు అమెరికాలో అరుదు. 1955లో వచ్చిన .44 మ్యాగ్నమ్ వెనుక ఆయన ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలున్నాయి. ఆ కీత్ చేతిలోనే 1925 జూలై 4న ఒక .45 కోల్ట్ రివాల్వర్ పగిలిపోయింది. ఆ తర్వాతే ఆయన సిలిండర్ గోడలు మరింత మందంగా ఉండే .44 స్పెషల్ వైపు మళ్లాడు. ఆయన భారీ మోతాదులు తాను ఎరిగిన తుపాకుల్లో, తాను ఎరిగిన తొడుగులతో చేసినవి. ఆ అంకెను మాత్రం తెచ్చుకుని మరో తుపాకీలో మరో తొడుగుతో వాడేవాడు కీత్ మాటను పాటిస్తున్నట్టు కాదు. మాటలో సగం వదిలేసి సగం పట్టుకున్నట్టు.

తడి కట్టె ఉంటేనే పొగ

వదిలేసిన ఆ సగానికి తర్కంలో చక్కని పేరుంది. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది. దీన్ని తిరగేసి నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. కట్టె తడిగా ఉన్నప్పుడే నిప్పు నుంచి పొగ వస్తుంది. పైకి చెప్పకుండా లోపల పనిచేసే ఇలాంటి షరతును ఉపాధి అన్నారు. నియమంలా కనిపించేది నిజంగా నియమమో కాదో తేల్చడానికి నైయాయికులు ముందుగా దీని కోసమే వెతికేవారు.

మాన్యువల్‌లోని ప్రతి అంకె వెనుకా ఉపాధులు బారులు తీరి ఉంటాయి. ఏ బుల్లెట్, ఎంత బరువు, దాని ఒళ్లు రాగితో కప్పిందా, సీసమా? ఏ కంపెనీ తొడుగు, ఏ ప్రైమర్? బ్యారెల్ పొడవెంత? తూటా మొత్తం పొడవెంత? ఈ చివరిది చూడడానికి చాలా చిన్న విషయం. 9 ఎంఎం తూటాతో స్పియర్ కంపెనీ చేసిన ఒక ప్రయోగం దాని బలాన్ని చూపింది. పౌడర్ మోతాదు మార్చకుండా బుల్లెట్‌ను అంగుళంలో వెయ్యికి 30 వంతులు, అంటే ముప్పావు మిల్లీమీటరు మాత్రం లోపలికి నెట్టారు. రాగి స్తంభిక కొలతలో 28,000 ఉన్న ఒత్తిడి 62,000కు చేరింది. త్రాసు చూపిన అంకె రెండుసార్లూ ఒకటే. తొడుగులో ఖాళీ స్థలం తగ్గింది, అంతే.

రెండు మాన్యువల్స్ ఒకే పౌడర్‌కు వేర్వేరు గరిష్ఠ మోతాదులు చెబితే కొత్తవాళ్లు కంగారు పడతారు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోనవసరం లేదు. వాళ్ల బ్యారెళ్లు వేరు, బుల్లెట్లు వేరు, పౌడర్ లాట్లు వేరు. ఉపాధులు మారాయి, ఫలితం మారింది. ఇద్దరి మాటా వారి వారి షరతుల్లో నిజమే. తన షరతులు ఎవరివాటికి దగ్గరో తెలియనప్పుడు రీలోడర్ చేయవలసింది, రెండింటిలో తక్కువ చెప్పిన ప్రారంభ మోతాదు నుంచి మొదలుపెట్టడం.

అయితే తక్కువే ఎప్పుడూ క్షేమమా? ఇక్కడ కూడా ఒక ఉపాధి దాక్కుని ఉంది. హెచ్110, విన్‌చెస్టర్ 296 అనే పేర్లతో అమ్ముడయ్యే పౌడర్‌ను మ్యాగ్నమ్ రివాల్వర్లలో వాడతారు. దాన్ని అచ్చులో ఇచ్చిన మోతాదు కంటే మూడు శాతానికి మించి తగ్గించవద్దని హాడ్జ్‌డన్ కంపెనీ ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. మరీ తగ్గిస్తే అది సరిగా అంటుకోదు, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోవచ్చు. అది గమనించక రెండో తూటా కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. ఏ పౌడర్‌తోనైనా మోతాదు మితిమీరి తగ్గితే ఇదే ప్రమాదం. భయంతో అంకెలను ఇష్టం వచ్చినట్టు కిందికి దించేవాడు కూడా ఆప్తవాక్యాన్ని దాటినవాడే. ప్రారంభ మోతాదు కూడా ఎవరో కొలిచి చెప్పిన అంకె. దానికి ఎగువన ఉన్నట్టే దిగువన కూడా తెలియని చీకటి ఉంది.

త్రాసును తూచేది ఏది?

మాట నమ్మదగినదే, షరతులూ సరిపోయాయి. ఇప్పుడు ఆ అంకెను త్రాసు మీద తూచాలి. త్రాసు నిజం చెబుతోందని ఎలా తెలుస్తుంది?

ఆంధ్రదేశంతో, శాతవాహన రాజుతో సంబంధం ఉన్నవాడిగా సంప్రదాయం చెప్పుకునే ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో సరిగ్గా ఇలాంటి ప్రశ్నతోనే ప్రమాణవాదులను నిలదీశాడు. వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తే, ప్రమాణాలను ఏవి నిరూపిస్తాయి? ఇంకో ప్రమాణమా? దానికి మరొకటా? ఈ గొలుసుకు అంతు లేదు. తర్కంలో దీన్ని అనవస్థ అంటారు.

ఇలాంటి అభ్యంతరానికి న్యాయసూత్రాల రెండో అధ్యాయం ఇచ్చిన జవాబులో ఉదాహరణ త్రాసే కావడం రీలోడర్లు తెలుసుకుని సంతోషించదగిన విషయం. బంగారాన్ని తూచేటప్పుడు త్రాసు ప్రమాణం. బరువు ముందే తెలిసిన బంగారంతో ఆ త్రాసును పరీక్షించేటప్పుడు అదే త్రాసు పరీక్షకు గురయ్యే వస్తువు. ఒకే వస్తువు ఒకప్పుడు కొలిచేది, మరొకప్పుడు కొలవబడేది కాగలదు. ప్రతి ప్రమాణాన్నీ ప్రతి క్షణం నిరూపించుకుంటూ కూర్చోవలసిన పని లేదు. సందేహానికి కారణం ఎదురైనప్పుడు పరీక్షించే మార్గం ఉంటే చాలు.

జాగ్రత్తపరుడైన రీలోడర్ బల్ల మీద జరిగేది ఇదే. పని మొదలుపెట్టే ముందు త్రాసును సున్నాకు తెచ్చి, బరువు తెలిసిన చిన్న తూనికరాయిని పెట్టి చూస్తాడు. మధ్యలో మళ్లీ చూస్తాడు. ఎలక్ట్రానిక్ త్రాసు మీద ఫ్యాన్ గాలి తగిలినా, గది చల్లబడినా అంకె జరగవచ్చు. ఆ సందేహానికి కారణం ఉంది, కాబట్టి పరీక్ష ఉంది. బల్ల మీద ఒకే ఒక్క పౌడర్ డబ్బా ఉంచుతాడు, రెండు పౌడర్లు తారుమారు కాకుండా. పౌడర్ వేసిన ప్రతి తొడుగులోకీ లైటు వేసి తొంగిచూస్తాడు. బుల్స్‌ఐ లాంటి త్వరగా మండే పౌడర్ .38 స్పెషల్ తొడుగులో అడుగున కొద్దిగా మాత్రమే కనిపిస్తుంది. పొరపాటున రెండుసార్లు పడినా పైకి పొర్లదు. కళ్లతో చూడకపోతే తెలియదు. మోతాదు ఎంపికలో ఓడిపోయిన ప్రత్యక్షం ఇక్కడ తన వంతు పని తప్పకుండా చేస్తుంది.

తప్పును తట్టుకోగల చోటు

ఇప్పుడు అసలు చిక్కు. జ్ఞానం సరైనదని ఎప్పుడు తేలుతుంది? మీమాంసకుల జవాబు ఒకటి. జ్ఞానం పుట్టగానే దానంతట అదే ప్రమాణం, అబద్ధమని రుజువయ్యేదాకా దాన్ని నమ్మవచ్చు. కుమారిలభట్టు దీన్ని బలంగా సమర్థించాడు. నైయాయికుల జవాబు వేరు. దూరంగా నీళ్లు కనిపించాయి. అవి ఎండమావులో నిజంగా నీళ్లో వెళ్లి తాగితే తేలుతుంది. జ్ఞానానికి ప్రామాణ్యం ఫలించిన పని వల్ల బయటినుంచి వస్తుంది.

పౌడర్ ముందు ఈ రెండు వాదాలూ ఇబ్బందిలో పడతాయి. మీమాంసకుడి మాట ప్రకారం అబద్ధమని తేలేదాకా మోతాదును నమ్మితే, అబద్ధమని తేలడమంటే తుపాకీ పగలడమే. నైయాయికుడి మాట ప్రకారం కాల్చి తేల్చుకుందామంటే, ఆ పరీక్షలోనే ప్రమాదం ఉంది. నీళ్లు కావని తేలితే మనిషి దాహంతో వెనక్కి వస్తాడు. ఇక్కడ వెనక్కి రావడానికి వేళ్లుండాలి, కళ్లుండాలి.

ప్రారంభ మోతాదు అనే ఆచారం ఈ చిక్కుకు విరుగుడు. గరిష్ఠ మోతాదు కంటే దాదాపు పది శాతం తక్కువ నుంచి మొదలుపెట్టమని మాన్యువల్స్ సాధారణంగా చెబుతాయి. అక్కడ అంకె కొంచెం తప్పినా, ఈ తుపాకీ ఛాంబర్ పరీక్షా బ్యారెల్ కంటే బిగుతుగా ఉన్నా, ఒత్తిడి సాధారణంగా హద్దు లోపలే ఉంటుంది. నమ్మకం పూర్తిగా రుజువు కాకముందే పని చేయక తప్పనప్పుడు, తప్పు జరిగినా తట్టుకోగల చోట పని మొదలుపెట్టాలి. అక్కడినుంచి గ్రెయిన్‌లో ఒకటి రెండు పదోవంతులు పెంచుతూ, ప్రతి మెట్టు మీదా కొన్ని తూటాలు కాల్చి చూసుకుంటూ వెళ్లాలి. పక్కన బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే అనుమాన ప్రమాణానికి కూడా తావు దొరుకుతుంది. మాన్యువల్ గరిష్ఠంగా చూపిన వేగం అంతే పొడవు బ్యారెల్‌లో ముందే వచ్చేసిందంటే ఒత్తిడి కూడా అక్కడికి చేరిందని గ్రహించాలి. పట్టికలో ఇంకా మెట్లు మిగిలి ఉన్నా ఆగిపోవాలి.

మత గ్రంథాల విషయంలో కూడా న్యాయదర్శనం ఇలాంటి వాదమే చేసింది. స్వర్గాన్ని చూసి వచ్చి చెప్పినవారు లేనప్పుడు వేదవాక్యాన్ని ఎందుకు నమ్మాలి? ఆయుర్వేదం చెప్పిన మందు పనిచేయడం కళ్లారా చూస్తున్నాం. చూడగలిగిన చోట నిజం చెప్పినవారిని చూడలేని చోట కూడా నమ్మడానికి ఆధారం ఉందన్నది సూత్రకారుడి ఆలోచన. ఈ వాదం వేదాన్ని ఎంతవరకు నిలబెడుతుందన్నది బౌద్ధులు, జైనులు, చార్వాకులు శతాబ్దాల పాటు పోట్లాడిన సంగతి. మాన్యువల్ విషయంలో మాత్రం అది గట్టిగా నిలబడుతుంది. అది చెప్పిన తొడుగు పొడవు కాలిపర్‌తో సరిచూసుకోవచ్చు. అది చెప్పిన వేగం క్రోనోగ్రాఫ్‌తో సరిచూసుకోవచ్చు. చూడగలిగినవన్నీ సరిపోతూ వస్తే, చూడలేని ఒత్తిడి విషయంలో నమ్మకానికి పునాది పడుతుంది. తొలి మెట్టు మీద అరువు తెచ్చుకున్న నమ్మకం, మెట్టు మెట్టుకూ సొంతమవుతుంది.

ఏమీ కాలేదు కదా అన్న వాదానికి కూడా ఇక్కడే జవాబుంది. ఆంగ్ల గణితవేత్త విలియం క్లిఫర్డ్ 1877లో నమ్మకపు నీతి గురించి రాసిన వ్యాసంలో ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతదని, మరమ్మతు కావాలని తెలిసీ, సందేహాన్ని అణుచుకుని, ప్రయాణికులను ఎక్కించి పంపేస్తాడు. ఓడ క్షేమంగా తిరిగి వచ్చినా అతని తప్పు తగ్గదని క్లిఫర్డ్ తీర్పు. ఆ నమ్మకానికి అతనికి హక్కు లేదు. హద్దు మించిన మోతాదు కాల్చి బతికిన షూటర్‌కూ ఇదే తీర్పు వర్తిస్తుంది. అతని పని ఫలించింది నిజమే. ఆ ఫలితం రుజువు చేసింది ఈ తుపాకీ ఇవాళ పగలలేదన్న ఒక్క వాక్యాన్నే. ఈ మోతాదు క్షేమమన్న వాక్యాన్ని అది రుజువు చేయలేదు.

తుపాకీ పగలకపోవడానికి కారణం వేరేవారి ముందుచూపు. లండన్ తుపాకీ పనివారి సంఘానికి 1637లో రాజశాసనం వచ్చింది. అప్పటినుంచి తుపాకులను కావాలనే ఎక్కువ మోతాదుతో ఒకసారి కాల్చి, తట్టుకున్నదానికి ముద్ర వేసే సంప్రదాయం స్థిరపడింది. బర్మింగ్‌హామ్‌లో అలాంటి ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. అమెరికాలో ఇప్పటికీ తయారీదారులు మామూలు పరిమితి కంటే బాగా ఎక్కువ ఒత్తిడి ఉన్న ప్రూఫ్ తూటాలతో పరీక్షిస్తారు. ఆ అదనపు బలం లోహంలోని లోపం కోసం, ఎండ వేడి కోసం, మనిషి పొరపాటు కోసం దాచిపెట్టినది. దాన్ని కాస్త ఎక్కువ వేగం కోసం ఖర్చు చేసేవాడు పొరపాటు జరిగే రోజుకు ఏమీ మిగుల్చుకోడు.

జర్మన్ తత్వవేత్త హాన్స్ జోనాస్ 1979లో బాధ్యత గురించి రాసిన పుస్తకంలో, తిరిగి సరిదిద్దుకోలేని నష్టం ఎదుట ఉన్నప్పుడు మంచి జోస్యం కంటే చెడు జోస్యానికే ఎక్కువ విలువ ఇవ్వాలని వాదించాడు. ఆయన ఆలోచించింది మొత్తం మానవజాతి భవిష్యత్తు గురించి. ఆ నియమం పిస్టల్ దగ్గర కూడా పనిచేస్తుంది, ఎందుకంటే పణంగా పెడుతున్నది కాల్చేవాడి చెయ్యి ఒక్కటే కాదు. రేంజ్‌లో పక్క వరసలో నిలబడ్డవారు ఆ మోతాదుకు ఒప్పుకోలేదు. వారికి దాని సంగతే తెలియదు.

చెప్పేవాడి బాధ్యత

వినేవాడి ధర్మం గురించి ఇంత చెప్పాక, చెప్పేవాడి ధర్మాన్ని వదిలేయకూడదు. అంకె ఒకటి ఇంకొకరికి చెప్పిన క్షణాన ప్రతి రీలోడర్ ఆప్తుడి పీఠం మీద కూర్చుంటాడు. పౌడర్ పేరు, మోతాదు చెప్పి బుల్లెట్ బరువు, తూటా పొడవు చెప్పకపోతే, అబద్ధమేమీ ఆడకపోయినా తడి కట్టె సంగతి దాచినట్టే. జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పడం అంతకంటే ప్రమాదం. ఒక దశాంశ బిందువు చోటు మారితే మోతాదు పదింతలవుతుంది.

మంచి రీలోడర్లు పాటించే ఆచారాల్లో ఈ నీతి పూర్తిగా ఇమిడి ఉంది. ప్రతి పెట్టె మీదా తేదీ, పౌడర్ పేరు, మోతాదు, బుల్లెట్, ప్రైమర్, తూటా పొడవు రాసి ఉంచుతారు. ఆర్నెల్ల తర్వాత ఆ పెట్టె తెరిచేవాడికి ఆ రాతే శబ్దప్రమాణం, తెరిచేవాడు తానే అయినా సరే. తాము చేసిన తూటాలను ఇతరులకు ఇవ్వరు, ఇతరులు చేసినవి తాము కాల్చరు. ఇది స్నేహంలో లోటు కాదు. ఆ తూటా లోపల ఏముందో నేరుగా ఎరిగినవాడు దాన్ని చేసినవాడు ఒక్కడే.

పాత మాన్యువల్స్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. 1970 నాటి స్పియర్ ఎనిమిదో మాన్యువల్‌లోని .38 స్పెషల్ మోతాదులు కొన్ని నేటి లెక్కకు చాలా ఎక్కువని, వాటిని వాడవద్దని అనుభవజ్ఞులు చెబుతారు. కొలిచే సాధనాలు మెరుగుపడిన కొద్దీ కంపెనీలు తమ అంకెలను తామే సవరించుకుంటూ వచ్చాయి. తాను చెప్పింది తప్పని తేలినప్పుడు దిద్దుకునే మూలానికే నమ్మకం పొందే అర్హత ఎక్కువ. పాతదన్న గౌరవంతో పాత అంకెను పట్టుకుని వేలాడడం ఆ మూలాన్ని గౌరవించడం కాదు.

చట్టం అనుమతించే దేశంలో ఉండి ఈ పని కొత్తగా మొదలుపెట్టాలనుకునే తెలుగు పాఠకులకు ఒక మనవి. కొత్తగా అచ్చయిన మాన్యువల్ ఒకటి కొనండి, పట్టికల కంటే ముందు దాని మొదటి అధ్యాయాలు చదవండి. మీరు వాడబోయే పౌడర్ కంపెనీ స్వయంగా ఇచ్చే అంకెలను పక్కన పెట్టుకుని సరిపోల్చండి. రెండూ తేడా చెబితే తక్కువ ప్రారంభ మోతాదునే తీసుకోండి. అచ్చులో ఉన్న ప్రారంభ మోతాదు కంటే కిందికి మీ అంతట మీరు దిగవద్దు, గరిష్ఠ మోతాదు దాటి ఒక్క పదోవంతు కూడా ఎక్కవద్దు. మీ తొడుగు, మీ బుల్లెట్, మీ పౌడర్ మూడింటికీ కలిపి కొలిచి చెప్పినవారు దొరకకపోతే, దొరికేదాకా ఆ తూటా కట్టకండి.